నల్లబడిన గాటు

నా పక్కనే కాగితాలు మాడిపోతుంటే నేను హాయిగా కూర్చుని ఆకు ఈనెలు చూసుకుంటున్నాను. దాని మీద ఆఫీసులో ఎన్ని కథలు అల్లినా అసలు జరిగింది ఇంతే.

మాది చెట్ల ఆఫీసు. ఎవరైనా ఒక కొమ్మ తెచ్చి ఇదేమిటని అడిగితే చెప్పడం మా పని. తెచ్చిన కొమ్మల్ని పాత వార్తాపత్రికల మధ్య పరిచి, చెక్క పలకల నడుమ బిగించి, వేడి గదిలో ఆరబెట్టి, అట్టలకు కుట్టి బీరువాల్లో దాస్తాం. పువ్వో కాయో ఉంటే పేరు చెప్పడం పెద్ద గొప్పేమీ కాదు. వేడి దేశాల అడవి చెట్లకు మా మీద అంత దయ లేదు. ఏళ్ళ తరబడి పూయవు. పూసినా మెడ విరిగేంత ఎత్తున, మన కంటికి అందకుండా పూస్తాయి. చేతికొచ్చేది ఉత్తి ఆకుల కొమ్మ. దాన్ని పట్టుకుని కనీసం ఏ కుటుంబమో చెప్పాలి. కుటుంబం తెలిస్తే సగం పని అయిపోయినట్టే. పాలు కారుతాయా, జిగురు కారుతుందా, ముట్టుకుంటే ఒళ్ళు పొక్కుతుందా అన్నవి చాలావరకు ఇంటి లక్షణాలే.

ఆ గుర్తింపు బల్ల నాది. కొమ్మ చేతికి రాగానే ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకోవడం, కాసేపు కళ్ళు మూసుకుని, తేలిపోగానే "అదే" అనడం నా అలవాటు. వెనకాల నన్ను ముక్కు మేడమ్ అనేవారు. ముందర అన్నా నేనేమీ అనుకునేదాన్ని కాదు. నిజం చెప్పాలంటే కాస్త గర్వంగానే ఉండేది.

మొన్న వానల్లో వచ్చిన జ్వరం పోతూ పోతూ నా వాసన పట్టుకుపోయింది. కాఫీ వేడినీళ్ళయింది. సబ్బు రాయి అయింది. డాక్టరు, వస్తే వస్తుంది లేకపోతే లేదు అన్నాడు. అంత మాత్రం నేనూ చెప్పగలను. పనికి మాత్రం ఏ లోటూ రాలేదు. అలవాటు కొద్దీ ఆకు నలుపుతూనే ఉన్నాను, ముక్కు దగ్గర పెట్టుకుంటూనే ఉన్నాను, కళ్ళతో చూసి "అదే" అంటూనే ఉన్నాను. ఒక్క పేరు తప్పలేదు.

ఆ రోజు వేడి గదిలో కాగితాల కట్ట ఒకటి ఆరబెట్టే దీపానికి మరీ దగ్గరగా జరిగి అంచులు కాలడం మొదలుపెట్టింది. నేను దానికి వీపు పెట్టి కూర్చున్నాను. తలుపు తోసుకుని చురుకుబాబు ఇసుక బకెట్టుతో వచ్చి కుమ్మరించేదాకా నాకు ఏమీ తెలియదు.

చురుకుబాబు నా కింద పనిచేసే అధికారి. చెప్పకముందే పని చేసేస్తాడు గనక ఆ పేరు. నడుముకు తోలు ఒరలో ఒక కత్తి ఉంటుంది, కమ్మరి దగ్గర ప్రత్యేకంగా చేయించుకున్న ఇనప కత్తి, రోజూ నూరుతాడు. చెట్టు కనిపిస్తే చాలు, బెరడు మీద ఒక గాటు పెట్టి ఏం కారుతుందో చూస్తాడు. తెలివైనవాడే. తొందర ఒక్కటే రోగం.

"మేడమ్, ఇంత పొగ వస్తుంటే మీకు వాసన రాలేదా?" అన్నాడు ఆయాసపడుతూ.

"రాలేదు" అన్నాను.

ఆ మాట నాకంటే ముందు డైరెక్టరు గారి గదికి చేరింది.

డైరెక్టరు గారికి ఇబ్బంది కలిగితే జేబులోంచి దువ్వెన తీస్తారు. నేను వెళ్ళేసరికి తల అప్పటికే నున్నగా దువ్వి ఉంది, అయినా దువ్వుతున్నారు.

"వాసన అస్సలు తెలియదా మేడమ్?"

"తెలియదండి. జ్వరం వచ్చినప్పటినుంచీ."

"మరి ఇన్నాళ్ళూ పేర్లెలా చెబుతున్నారు?"

"కళ్ళతోనండి. దేవుడు రెండిచ్చాడు."

ఆయన నవ్వలేదు. బల్ల చురుకుబాబుకు అప్పగిద్దామని, నన్ను అట్టలు కుట్టే గదికి మారుద్దామని మెల్లగా చెప్పారు. "ఆ గది చల్లగా ఉంటుంది" అని కూడా కలిపారు.

"చల్లగా ఉంచడానికి నేనేమైనా కూరగాయనా?" అన్నాను. నా ఒళ్ళు మండిపోయింది. ఆ బల్ల దగ్గర కూర్చునే నేను నేనయ్యాను. ఉదయాన్నే కిటికీ వెలుగు దాని మీద పడ్డప్పుడు ఏ కొమ్మ వస్తుందో అని నా మనసు ఇప్పటికీ ఎగిరి గంతేస్తుంది. దాన్ని వదిలి సూదిలో దారం ఎక్కించుకుంటూ కూర్చోమంటే కుదరదు. "పరీక్ష పెట్టండి. అతను పేరు చెప్పిన చెట్టు దగ్గరికే నన్నూ తీసుకెళ్ళండి. నేను తప్పితే బల్ల అతనిది, సూదీ దారం నేనే అడిగి తీసుకుంటాను."

డైరెక్టరు గారి ముందు అప్పుడే ఒక తగువు ఉంది. పిల్లల బడి ఆవరణలో వరసగా పెద్ద చెట్లు. వాటి కింద ఆడుకున్న పిల్లలకు ఒళ్ళంతా దద్దుర్లు వస్తున్నాయని తల్లిదండ్రులు గొడవ పెట్టారు. చురుకుబాబు వెళ్ళి గాటు పెట్టి చూస్తే అది నల్లబడింది. జీడి కుటుంబం, ముట్టుకుంటే పొక్కుతుంది, కొట్టేయండి అని చెప్పి వచ్చాడు. అప్పటికే గొడ్డళ్ళవాళ్ళకు కబురు వెళ్ళింది.

"ఆ చెట్లే చూపించండి" అన్నాను.

అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడ్డ చురుకుబాబు గొంతు సవరించుకున్నాడు. "ఆ బడి హెడ్మిస్ట్రెస్ మేడమ్ గారి ఆడపడుచండీ. అంటే, కాస్త పక్షపాతం…"

"బాబూ, ఆడపడుచు పక్షం మాట్లాడే వదినని నువ్వెక్కడైనా చూశావా?"

డైరెక్టరు గారు దువ్వెన జేబులో పెట్టుకుని అప్పుడు నవ్వారు. మర్నాడు అందరం బడి దగ్గర కలుసుకోవాలని తేలింది.

ఇంటికి వెళ్ళి మా అత్తగారికి అంతా చెప్పాను. జ్వరం తర్వాత ఈ ఇంటికి ముక్కు ఆవిడే. ముందుగదిలో కూర్చునే పాలు అంటుకుంటున్నాయని, గ్యాసు కట్టలేదని, పక్కింటివాళ్ళు చెత్త తీయలేదని కేకేస్తుంది. వాటిలో ఒక్కటీ ఇంతవరకు తప్పు కాలేదు.

"ముక్కు పోయిందని వాళ్ళకి ముందే చెప్పకపోయావా? నేనైతే వీధంతా చెప్పుకునేదాన్ని. నలుగురూ అయ్యో అనేవాళ్ళు" అంది.

"నాకు అయ్యో అక్కర్లేదు అత్తయ్యా. రేపు మీరు నాతో రావాలి. ఒక ఆకు నలిపి ఇస్తాను, వాసన చూసి చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. నాకేం కావాలో ఊహించి చెప్పొద్దు."

"అంటే నువ్వు చెప్పకపోతే నేను అబద్ధాలాడేదాన్నా?" అని మూతి ముడుచుకుంది. ఆ మూతి అన్నాలయ్యేదాకా విప్పలేదు. మా ఆయన ఇద్దరి మొహాలూ చూసి, ఇందులోకి తనని లాగొద్దని చెప్పి లేచి వెళ్ళిపోయాడు. పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్న తెలివి అది.

పడుకోబోతుంటే ఆడపడుచు ఫోను చేసింది. "వదినా, అవి నిజంగా అలాంటి చెట్లే అయితే మొహమాటపడకుండా చెప్పెయ్. నీడ పోతే పందిరి వేసుకుంటాం. పిల్లల ఒంటి మీదకి తెచ్చుకోలేం."

"నేనూ అదే అంటున్నానమ్మా. కొట్టేముందు ఒక్కసారి చూడనీ."

బడి గోడ వెంట గేటు నుంచి నీళ్ళ ట్యాంకు దాకా ఉన్నాయి ఆ చెట్లు. బూడిద రంగు బెరడు, పొరలు పొరలుగా లేచి కొన్నిచోట్ల అట్టముక్కల్లా వేలాడుతోంది. ఆకులు కొమ్మల చివర్లకు గుంపుగా చేరాయి. ఒక్కొక్క ఆకులో ఒక పొడుగు ఈనె, దానికి రెండువైపులా చిన్నాకులు, కొసన ఒంటరిగా ఒకటి. పువ్వు లేదు, కాయ లేదు. కింద నేలంతా పిల్లల కాళ్ళకు నున్నబడి ఉంది. ఒక కొమ్మకు కట్టిన ఉయ్యాల తాళ్ళను పైకి చుట్టి పెట్టేశారు.

నాకు రెండు అనుమానాలే. ఒకటి జీడి కుటుంబం, అంటే మామిడి, నల్లజీడి వాళ్ళ ఇల్లు. రెండోది గుగ్గిలం కుటుంబం, ధూపం వేసే జిగురు కార్చేవాళ్ళ ఇల్లు. ఈ రెండిళ్ళవాళ్ళూ పువ్వు లేనప్పుడు ఒకే అచ్చులో పోసినట్టుంటారు. మా పనిలో తల నెరిసినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు. తేడా మాత్రం చిన్నది కాదు. మొదటి ఇంట్లో ఒళ్ళు పొక్కించే చెట్లు చాలానే ఉన్నాయి. రెండో ఇంటివాళ్ళు సాధువులు.

డైరెక్టరు గారు, ఆడపడుచు, కొంతమంది తల్లిదండ్రులు చుట్టూ చేరారు. దద్దుర్లు వచ్చిన ఒక పాప తల్లి అందరికంటే ముందు చేతులు కట్టుకుని నిలబడింది. గొడ్డళ్ళవాళ్ళు గోడకు చేరగిలబడి టీ తాగుతున్నారు. చురుకుబాబు ఒక ఆకు తెంపి నలిపి నా చేతికిచ్చాడు.

"వాసన చూసి చెప్పండి మేడమ్" అన్నాడు. ఎగతాళి కాదుగానీ ఎగతాళికి పక్కింటిదే.

"నాకు వాసన తెలియదు. ఇక్కడున్న అందరికీ తెలియాలనే చెబుతున్నాను. మా అత్తగారు చూస్తారు" అని ఆకు ఆవిడకిచ్చాను.

అత్తగారు కళ్ళజోడు సరిచేసుకుంది, ముక్కుతో వాసన చూడటానికి అదెందుకో నాకు తెలియదు. ఒకసారి పీల్చి, నా మొహం చూసి, మళ్ళీ పీల్చింది.

"పచ్చి మామిడికాయ తొడిమ తుంచినట్టుంది" అంది చివరికి.

చురుకుబాబు డైరెక్టరు గారి వైపు చూశాడు. మామిడిది జీడి కుటుంబమని ఆ గుంపులో తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకు చెబుతున్నారు. డైరెక్టరు గారి దువ్వెన బయటకొచ్చింది.

ఆవిడ గుగ్గిలం వాసన అంటుందని లోలోపల గట్టిగానే ఆశపడ్డాను. అప్పుడు ఆ నలిగిన ఆకు తిరిగి చేతిలోకి తీసుకున్నాను. వేళ్ళు వాటంతట అవే కొస చిన్నాకు కాడ దగ్గరికి వెళ్ళాయి. వెళ్ళి ఆగాయి. అప్పుడు నాకో సంగతి తట్టి నవ్వొచ్చింది. ఇన్నేళ్ళూ ముక్కుతో చెబుతున్నాననుకున్నాను గానీ, ఆకు ముక్కు దాకా వెళ్ళేలోపే నా వేళ్ళు కాడ తడిమేవి, కళ్ళు ఈనె చూసేవి. అంతా తేలాక ముక్కు వచ్చి ఊరికే సంతకం పెట్టేది. పచ్చి మామిడి వాసన గుగ్గిలం ఇంట్లోనూ ఉంటుంది. నా ముక్కు నిక్షేపంలా ఉన్నప్పుడు కూడా ఆ వాసన ఒక్కటే పట్టుకుని ఈ రెండిళ్ళనూ విడదీయగలిగేదాన్ని కాదు.

"అత్తయ్య చెప్పింది సరైన వాసనే. ఆ వాసన రెండు కుటుంబాలకీ ఉంది. కాబట్టి ముక్కుతో ఈ తగువు తేలదు. చురుకుబాబూ, పోల్చడానికి జీడి కొమ్మ తెచ్చావా?"

తెచ్చాడు. ఆ విషయంలో అతనికి వంక పెట్టలేం. రెండు ఆకులూ తీసుకుని పాప తల్లి దగ్గరికి వెళ్ళాను.

"కళ్ళు మూసుకోండమ్మా. ఈ కొస ఆకు కాడని వేళ్ళ మధ్య పట్టుకుని చూడండి. మొదలు నుంచి చివరిదాకా. ఎలా ఉంది?"

"సాఫుగానే ఉంది."

"ఇది జీడి కుటుంబం. ఇప్పుడు ఈ బడి చెట్టుది."

ఆవిడ వేళ్ళు కాస్త జరిగి ఆగిపోయాయి. "ఇక్కడేదో ఉబ్బింది. ఇటు చివర కూడా ఉంది. ముడి వేసినట్టు."

"కాడకి రెండు కొసల్లోనూ ఉబ్బు. గుగ్గిలం కుటుంబంలో ఎక్కువగా కనిపించే గుర్తు అది. జీడివాళ్ళకి అలా ఉండదు." ఆవిడ కళ్ళు తెరిచి మళ్ళీ తడిమి చూసింది, పక్కావిడకు ఇచ్చింది. ఆకు చేతులు మారుతూ పోయింది. గొడ్డళ్ళవాళ్ళలో ఒకడు టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చి అతనూ తడిమాడు.

"మేడమ్, ఉబ్బు సరే. గాటు నల్లబడిందే! నేను కళ్ళారా చూశాను. జీడి రసం కాకపోతే నలుపెక్కడిది?" అన్నాడు చురుకుబాబు. న్యాయమైన ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకపోతే ఆ చెట్టు కిందికి ఏ పిల్లనూ పంపమని నేను కూడా అడగను.

అతను పెట్టిన గాటు గేటు పక్కన చెట్టు మీద ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. సిరా పోసినట్టు నల్లగానే ఉంది. కాని ఆ గాటులోంచి కిందికి కారి గట్టిపడిన జిగురు బొట్లు ఉన్నాయే, అవి నల్లగా లేవు. తెల్లగా, మసక గాజులా ఉన్నాయి. జీడి రసమైతే గాలి తగిలిన ప్రతి బొట్టూ నల్లబడాలి. ఇక్కడ కత్తి తగిలిన చోట తప్ప ఇంకెక్కడా నలుపు లేదు.

నాకు అర్థమైపోయింది. ఇంక ఎవరేమన్నా కదిలేదాన్ని కాదు.

"నీ కత్తి ఇవ్వు. అమ్మాయ్, మీ సైన్సు గదిలో పగిలిన గాజు పలక ఏదైనా ఉంటే తెప్పించు."

ఆడపడుచు తనే వెళ్ళి ఒక గాజు ముక్క గుడ్డలో పట్టుకుని తెచ్చింది. ట్యాంకు పక్క చెట్టు మీద అతని ఇనప కత్తితో ఒక గాటు పెట్టాను. జానెడు దూరంలో గాజు అంచుతో బెరడు గీకి ఇంకో గాటు పెట్టాను. రెండూ మొదట ఒకే ఎరుపులో ఉన్నాయి. అందరూ కాసేపు ఆగాలని చెప్పి మెట్ల మీద కూర్చున్నాను. అత్తగారు వచ్చి నా పక్కన కూర్చుంది.

బడి గంట కొట్టారు. లేచి చూస్తే కత్తి గాటు నీలం తిరిగి నల్లబడుతోంది. గాజు గాటు ఇంకా ఎర్రగానే ఉంది, దాని కింద తేటగా ఒక బొట్టు దిగుతోంది.

"ఈ బెరడులో వగరు ఎక్కువ. వగరుకి ఇనుము తగిలితే నల్లబడుతుంది. ఇనప కత్తితో అరటికాయ తరిగితే చేతులేమవుతాయి? అదే ఇదీ. నువ్వు చూసిన నలుపు చెట్టుది కాదు బాబూ, నీ కత్తిది."

చురుకుబాబు వంగి రెండు గాట్లనూ మార్చి మార్చి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అయితే మా పాపకి దద్దుర్లెందుకొచ్చాయి?" అంది ఆ తల్లి. ఆ రోజు అక్కడ అడిగిన ప్రశ్నలన్నిటిలో నాకు నచ్చింది అదే.

"ఎక్కడొచ్చాయమ్మా? నీటి పొక్కులా, చుక్కల్లాగా?"

"చుక్కలే. మెడ మీద, మోచేతుల మీద. ఒకటే దురద."

పొద్దున వస్తూనే చూశాను, లేత ఆకుల అంచులన్నీ కొరికేసి ఉన్నాయి. కొక్కెం కర్ర తెప్పించి ఒక కొమ్మ కిందికి లాగించాను. ఆకు అడుగున గుంపుగా నూగు గొంగళి పురుగులు. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సన్నటి వెంట్రుకలు గాలిలోకి లేస్తున్నాయి. ముందు నిలబడ్డవాళ్ళంతా ఒక్కసారి వెనక్కి జరిగారు.

"చిగుళ్ళు ముదిరితే ఇవే పోతాయి. అప్పటిదాకా పిల్లల్ని పురుగులున్న చెట్ల కింద ఆడనివ్వకండి, కింద రాలినవి ఊడ్పించండి. ఇందులో చెట్టు తప్పేం లేదు."

డైరెక్టరు గారు అంతా శ్రద్ధగా విన్నారు, తల ఊపారు, చివరికి నిట్టూర్చారు. "మీరు చెప్పేవన్నీ బాగానే ఉన్నాయి మేడమ్. కానీ రేపు ఇంకో పిల్లకి నిజంగా పొక్కితే ఎవరు జవాబు చెప్పాలి? కాడలో ఉబ్బు చూపించి తప్పించుకోగలనా?"

ఆయన భయం ఆయనది. నాకు కోపం రాలేదు. గాజు గాటు కింద దిగుతున్న బొట్టును వేలితో తీసి, నా ఎడమ ముంజేతి లోపలి వైపు, చర్మం పల్చగా ఉండే చోట రుద్దుకున్నాను. ఇంకో బొట్టు కూడా తీసి రుద్దాను.

"మేడమ్, వద్దండీ!" అని చురుకుబాబు నా చెయ్యి పట్టుకోబోయాడు. అతని గొంతులో భయం నిజమైనది. అతని మీద నాకు మిగిలిన కాస్త చిరాకూ అక్కడితో పోయింది.

"జీడి రసమైతే రేపు సాయంత్రానికి ఇక్కడ పొక్కాలి. పొక్కితే చెట్లు కొట్టేయండి, బల్ల నువ్వు తీసుకో. గొడ్డళ్ళవాళ్ళని రేపు సాయంత్రం రమ్మనండి" అని రుమాలు తీసి కట్టమన్నాను.

"మతి పోయిందా నీకు? ముక్కు పోయింది చాలదా, చెయ్యి కూడా పోవాలా?" అని అరుస్తూనే అత్తగారు రుమాలు లాగి బిగించి కట్టింది. కోపంలో ముడి మీద ముడి వేసింది.

మర్నాడు పొద్దున చెయ్యి మండుతోంది. రుమాలు కొద్దిగా ఎత్తి చూస్తే అంచు వెంట ఎర్రటి చార. నేను మా ఆయనకు కూడా చూపించలేదు. అత్తగారు ఎలా కనిపెట్టిందో కనిపెట్టేసింది, వచ్చి చూసి గోడకు ఆనుకుని కూలబడింది.

"పొక్కిపోతోందే తల్లీ! కొట్టేస్తే కొట్టేయనీ, పోనీ ఆ బల్ల! డాక్టరు దగ్గరికి పద."

నేను చార వంక ఇంకోసారి చూశాను. అది జిగురు రుద్దిన చోట లేదు. ముడి ఉన్న చోట ఉంది.

"అత్తయ్యా, ఇది చెట్టు చేసింది కాదు. మీ ముడి చేసింది" అని రుమాలు వదులు చేశాను. ఆవిడ నమ్మలేదు. సాయంత్రం దాకా ఏదో వంకతో గదిలోకి వస్తూ నా చెయ్యి చూసి పోతూనే ఉంది.

సాయంత్రం బడి ఆవరణలో మళ్ళీ అందరూ చేరారు. నిన్నటి కంటే ఎక్కువమందే వచ్చారు. గొడ్డళ్ళవాళ్ళు కూడా వచ్చారు గాని గొడ్డళ్ళు బండిలోనే ఉంచారు. నేను చెయ్యి చాచి, "నువ్వే విప్పు" అన్నాను చురుకుబాబుతో.

విప్పాడు. జిగురు ఎండి పల్చటి పొరలా అంటుకుని ఉంది. దాన్ని గోటితో ఊడదీశాను. కింద చర్మం మామూలు రంగులో, రుమాలు నేత గీతలతో సహా శుభ్రంగా ఉంది. పాప తల్లి వచ్చి వేలితో తడిమి చూసింది. ఆడపడుచు వెళ్ళి, పురుగులు పట్టని చెట్టుకున్న ఆ ఉయ్యాల తాళ్ళ చుట్ట విప్పి కిందికి వదిలింది.

"అదే" అన్నాను. "గుగ్గిలం కుటుంబం."

డైరెక్టరు గారు దువ్వెన తీయలేదు. "బల్ల మీదే మేడమ్. మళ్ళీ ఆ మాట ఎత్తను" అన్నారు. నేను తల ఊపాను.

అందరూ వెళ్ళాక చురుకుబాబు నా దగ్గరికి వచ్చాడు. ఒరలోంచి కత్తి తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు.

"మేడమ్, నేను వచ్చినప్పటినుంచీ ఈ కత్తితోనే చూస్తున్నాను. నల్లబడినవన్నీ జీడి కుటుంబమనే రాశాను. ఒక బీరువా నిండా ఉన్నాయి."

"తెలుసు. రేపు పొద్దున ఆ బీరువా తాళం తీసుకుని నా బల్ల దగ్గరికి రా. మొదటినుంచి అన్నీ చూద్దాం. నువ్వు వాసన చూసి ఏముందో చెప్పు. పేరు నేను చెబుతాను."

"ఎండిన ఆకులకి వాసనేం ఉంటుందండీ?"

"అయితే వేళ్ళు పెట్టి కాడలు తడుము. అది నేర్పుతాను" అన్నాను. అతను మొదటిసారి తొందరపడకుండా సరేనన్నాడు.

ఇంటికి నడిచి వస్తుంటే సగం దారిలో అత్తగారు నా మోచెయ్యి పట్టుకుంది.

"ఒకటి చెప్పనా? నిన్న ఆకు పీల్చగానే, గుగ్గిలం వాసన అనేద్దామని నోటిదాకా వచ్చింది. అంటే నువ్వు గెలిచేస్తావని తెలుసు. నీ మొహం చూశాను కూడా."

"మరి ఎందుకు అనలేదు?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నావు కదా. నేను అబద్ధం చెబితే, ఇంక నా ముక్కుని నువ్వు జన్మలో నమ్మవు. ఇంట్లో పాలు మాడాయన్నా నమ్మవు" అంది.

వీధి దీపం కింద ఆగాను. బడి నుంచి తెచ్చుకున్న ఒక ఆకు సంచిలో ఉంది. దాన్ని నలిపి ఆవిడకు ఇచ్చాను. "ఇప్పుడు పరీక్షేం లేదు. నాకోసం చూసి చెప్పండి. నిదానంగా."

ఆవిడ కళ్ళజోడు సరిచేసుకుని పీల్చింది. "మామిడి తొడిమే ముందు. అది పోయాక… ఆగు. కొత్త తలుపు మీద మొదటి వాన పడితే వస్తుందే, అది. చివర్లో కాస్త కారం, ముక్కు కొసన."

నేను కళ్ళు మూసుకున్నాను. వాసన రాలేదు. ఇంక రాదేమో కూడా. దుఃఖం వచ్చింది, దాచుకోలేదు. కాని ఆ తొడిమ, ఆ తలుపు, ఆ కారం ఒకదాని తర్వాత ఒకటి నాకు తెలిసిన వరసలోనే వచ్చి నిలబడ్డాయి. నేను ఎన్నిసార్లు పీల్చానో ఆ వరస.

"అదే అత్తయ్యా" అన్నాను. "అదే."